తేమ వాతావరణంలో కొమ్మ కత్తిరింపులు వేరూనే దశ – బూజు నివారణ

మల్లె, దానిమ్మ, గులాబీ, నందివర్ధనం వంటి మొక్కలను కొమ్మ కత్తిరింపుల ద్వారా ప్రవర్ధనం చేయడానికి వర్షాకాలం అనుకూలమైనది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు, ఇంకా వేర్లు రాని ముక్క ఆకుల ద్వారా నీటిని కోల్పోయి వాడిపోదు. అయితే అదే తేమ శిలీంద్రాల వృద్ధికీ అనువైనది. జూలై, ఆగస్టు మాసాల్లో ముసురు పట్టినప్పుడు వారం రోజుల్లోనే మడిలోని ముక్కలు కుళ్లిపోవడం చిన్న నర్సరీదారులకు తెలిసిన అనుభవమే. ముక్కలతో పాటు నాటే అదను కూడా పోతుంది.

ఈ నష్టానికి గాలిలోని తేమ కంటే, వేరూనే మిశ్రమంలో నిలిచిన నీరు, ఆకులపై ఆరని తడి ప్రధాన కారణాలు. ఆకుల చుట్టూ తేమ ఉండాలి. ముక్క మొదలుకు ప్రాణవాయువు అందాలి. నివారణ చర్యలన్నిటికీ ఇదే ఆధారం.

బూజును గుర్తించడం

మిశ్రమం పైభాగాన కనిపించే ఆకుపచ్చని పొర చాలావరకు నాచు లేదా కుళ్లిన పదార్థంపై బతికే బూజు. అది అధిక తడికి సూచన మాత్రమే. ముక్క మొదలు నల్లబడి, మెత్తబడి, బెరడు ఊడిపోతే అది పిథియం లేదా రైజోక్టోనియా వల్ల వచ్చే కుళ్లు. రాలిన ఆకులపై బూడిద రంగు బూజు కనిపిస్తే వెంటనే ఏరివేయాలి.

నాటడానికి ముందు

1. కడిగిన ముతక ఇసుక, కొబ్బరి పొట్టును సమపాళ్లలో కలపాలి. పొట్టును రెండు మూడు సార్లు మంచినీటితో కడిగి లవణాలను తొలగించాలి. పచ్చి పశువుల ఎరువు కలపరాదు.
2. మిశ్రమాన్ని ఏప్రిల్, మే నెలల్లో తడిపి, పారదర్శక పాలిథిన్‌తో 4 నుండి 6 వారాలు కప్పి ఎండవేడితో శుద్ధి చేయాలి.
3. గుప్పెడు మిశ్రమాన్ని గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలకు మించి నీరు కారరాదు.
4. ఆరోగ్యవంతమైన తల్లి మొక్క నుండి 15 నుండి 20 సెం.మీ. ముక్కలను శుభ్రమైన కత్తెరతో కణుపు దిగువన కత్తిరించాలి. మిశ్రమంలోకి వెళ్లే భాగంలో ఆకులు ఉండరాదు.
5. లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ కలిపిన ద్రావణంలో 10 నిమిషాలు ముంచి, నీడన ఆరనిచ్చి, ఆ తరువాతే వేరు హార్మోనులో ముంచి నాటాలి.

ప్రాంతాన్ని బట్టి యాజమాన్యం

2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో వర్షపాతం ఒకే తీరుగా ఉండదు. గోదావరి తీరాన, అడవుల మధ్యనున్న భూపాలపల్లిలో వర్షం ఎక్కువ; జనగామలో తక్కువ. జనగామలో వానల మధ్య ఎండ కాసే రోజుల్లో మడిపై పాలిథిన్ కప్పు అవసరం. అయినా ఉదయం, సాయంత్రం కొద్దిసేపు దానిని తెరవాలి. భూపాలపల్లిలో, మహబూబాబాద్ అటవీ మండలాల్లో ముసురు రోజుల్లో ఆ కప్పే కుళ్లుకు కారణమవుతుంది. అక్కడ వాన జల్లు పడకుండా పైకప్పు వేసి, పక్కలు తెరిచి ఉంచాలి. సంచులను నేలపై కాక ఇటుకలపై పేర్చి, ఆకులు ఒకదానికొకటి తాకనంత ఎడం ఇవ్వాలి. నీటిని ఉదయం పూటే, అవసరమైతేనే ఇవ్వాలి.

కుళ్లు కనిపించినప్పుడు

కుళ్లిన ముక్కలను చుట్టూ ఉన్న మిశ్రమంతో సహా తీసి దూరంగా పూడ్చాలి. పిథియంపై కార్బెండజిమ్ పనిచేయదు. పదేపదే అదే మందు వాడి ఫలితం రాలేదనుకోవడానికి ఇదే కారణం. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ లేదా 2 గ్రాముల మెటలాక్సిల్, మాంకోజెబ్ మిశ్రమ మందు కలిపి మొదళ్లు తడపాలి. ట్రైకోడెర్మాను నాటడానికి ముందే మిశ్రమంలో కలపడం మేలు. రసాయన మందులతో కలిపి వాడితే ఆ జీవశిలీంద్రం నశిస్తుంది. కనీసం 15 రోజుల వ్యవధి పాటించాలి.

ముగింపు

మందు చివరి సాధనమే. శుభ్రమైన మిశ్రమం, నీరు నిలవని సంచి, గాలి ఆడే మడి ఉంటే చాలా సందర్భాల్లో మందు అవసరమే రాదు. రైతులు మొదట యాభై ముక్కలతో తమ ఊరి వాతావరణంలో ఈ పద్ధతిని పరీక్షించి, ఆ తరువాత మడిని విస్తరించుకోవడం శ్రేయస్కరం.