మంచు హాకీ దేశాటనము

ప్రతి ఆటయు తాను పుట్టిన నేలను, నీటిని, గాలిని ఆశ్రయించి పెరుగును. మెత్తని మట్టినేల గల మన పల్లెలలో చెడుగుడు పెరిగెను. శీతకాలమున చెఱువులు, ఏఱులు గడ్డకట్టిపోవు ఉత్తరదేశములలో మంచుపై ఆడు ఆటలు పెరిగెను. వానిలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది మంచు హాకీ. దీనినే ఐస్ హాకీ అందురు.

కోనసీమకు ముఖద్వారమైన రావులపాలెమున వంతెనపై నిలిచి చూచినచో, గౌతమీ గోదావరి వేసవియందు ఇసుకతిన్నెల నడుమ సన్నగిల్లియు, వర్షకాలమున ఎఱ్ఱని వఱదనీటితో గట్ల నొరయుచును కానవచ్చును. మాఘమాసపు చలిలో సైతము ఆ నీరు గడ్డకట్టి యెఱుగదు. ఇట్టి సీమయందు మంచు హాకీ మాట వింతగా తోచవచ్చును. కాని మనవలెనే మంచు నెఱుగని థాయిలాండు, మలేషియా, ఫిలిప్పీన్సు దేశములలోను, ఎడారిసీమయైన ఐక్య అరబ్బు ఎమిరేట్సులోను నేడు ఈ ఆట ఆడుచున్నారు. చలిదేశపు ఆట ఎండదేశములకు ఎట్లు చేరెను? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొన్నచో, ఆటను గూర్చియే గాక మానవుల పట్టుదలను గూర్చియు కొంత తెలియును.

ముందుగా ఆట స్వరూపమును తెలిసికొందము. మన దేశమున హాకీ యనగానే నేలపై ఆడు ఆట జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదు వాసియైన ఎన్. ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 సంవత్సరముల ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున ఆడినది ఆ హాకీయే. అందు జట్టునకు పదునొకండుగురు. మంచు హాకీలో గోలు కాచువానితో కలిపి ఆఱుగురు మాత్రమే ఒకేసారి బరిలో నిలుతురు. వారు ఉక్కు కత్తులు బిగించిన జోళ్ళు తొడుగుకొందురు. వానిని స్కేట్లు అందురు. మంచు పైభాగమున కంటికి కానరాని సన్నని జారుడు పొర యుండుటచే, ఆ కత్తులమీద మనిషి పరుగెత్తుటకంటె వేగముగా జారిపోగలడు.

బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ళ యొకటి వాడుదురు. దాని పేరు పక్. దాని వ్యాసము మూడంగుళములు, మందము ఒక అంగుళము, బరువు సుమారు 160 గ్రాములు. రబ్బరు మంచుపై ఎగిరిపడకుండుటకై ఆటకు ముందు దానిని బాగుగా చల్లబఱతురు. నిపుణులు కొట్టినప్పుడు అది గంటకు 150 కిలోమీటర్లకు మించిన వేగముతో పోవును. ఆట యిరువది నిమిషముల చొప్పున మూడు భాగములుగా సాగును. ఆటగాండ్రు శక్తినంతయు వినియోగించి జారుటచే నిమిషము లోపలనే అలసిపోవుదురు. అందుచే ఆట ఆగకుండగనే ఒకరు వెలుపలికి వచ్చుచు, వేఱొకరు లోపలికి పోవుచుందురు.

ఇంత వేగముగల ఆటలో ప్రమాదములును కలవు. పూర్వము గోలు కాచువారు సైతము ముఖమునకు ఏ రక్షణయు లేకుండ నిలుచుచుండిరి. ముసుగు ధరించుట పిరికితనమని పలువురు తలచుచుండిరి. 1959వ సంవత్సరము నవంబరు 1వ తేదీన న్యూయార్కు నగరమున జరిగిన ఆటలో మాంట్రియాలు జట్టు గోలు కాచు జాక్ ప్లాంట్ ముఖమునకు బిళ్ళ తగిలి గాయమయ్యెను. గాయమునకు కుట్లు వేయించుకొని, ముసుగు ధరించినగాని మరల ఆడనని అతడు పట్టుబట్టెను. ముసుగుతోనే ఆడెను, అతని జట్టు గెలిచెను. క్రమముగా గోలు కాచువారందఱును అతని మార్గము ననుసరించిరి. దేహమును కాపాడుకొనుట పిరికితనము కాదని ఆటలోకము గ్రహించెను.

మంచుపై కర్రలతో ఆడు ఆటలు పలుదేశములలో చిరకాలముగా కలవు. కెనడా దేశపు నోవా స్కోషియా ప్రాంతమందలి మిక్మాక్ ఆదివాసులు చెక్కిన కర్రలు ఈ ఆటకు పేరుగాంచినవి. అయినను నేటి రూపమునకు దగ్గరగా నున్న తొలి ఆట 1875వ సంవత్సరము మార్చి 3వ తేదీన కెనడాయందలి మాంట్రియాలు నగరమున జరిగెను. జేమ్స్ క్రైటన్ అను యువకుడు తన మిత్రులను రెండు జట్లుగా కూర్చి, విక్టోరియా స్కేటింగు మందిరమున ఆడించెను. జట్టునకు తొమ్మండుగురు. బంతి ఎగిరి ప్రేక్షకులకు తగులునను భయముచే చదునైన కొయ్యబిళ్ళను వాడిరి. రెండేండ్లకు, అనగా 1877లో, ఆట నియమములు మాంట్రియాలు పత్రికలో అచ్చుపడెను. నియమములు వ్రాతలోనికి వచ్చిన పిదప, ఒక ఊరివారు వేఱొక ఊరివారితో తగవు లేకుండ ఆడుట సాధ్యమాయెను. 1892లో కెనడా గవర్నరు జనరలు స్టాన్లీ ప్రభువు ఒక వెండి కలశమును బహూకరించెను. 1893 మొదలు విజేతల కిచ్చుచున్న ఆ స్టాన్లీ కప్పు నేటికిని ఆ క్రీడాలోకమున మహాగౌరవము నందుచున్నది.

నియమము లేర్పడినను, మంచు లేనిదే ఆట లేదు గదా! ఆ కొఱతను తీర్చినది ఆటగాండ్రు కారు. ఆహారమును నిలువచేయు విద్య. మన జిల్లాలలో చేపలు, రొయ్యలు చెడిపోకుండ దూరదేశములకు పంపుటకు ఐసు ఫ్యాక్టరీలలో మంచుదిమ్మలు తయారుచేయుట మీరు చూచియుందురు. అట్టి యత్నము నుండియే కృత్రిమమైన మంచుబరియు పుట్టెను. ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములనుండి ఇంగ్లాండునకు మాంసము చెడకుండ తెచ్చు ఉపాయమును వెదకుచుండిన జాన్ గామ్జీ అను పశువైద్య పండితుడు, యంత్రముతో నీటిని గడ్డకట్టించు పద్ధతిని కనిపెట్టి, 1876లో లండనునగరమున తొలి కృత్రిమ మంచుబరిని నెలకొల్పెను. ఆ స్థలము చిరకాలము నిలువలేదు. కాని త్రోవ తెఱచుకొనెను.

దీని సూత్రము మన కుండలోని నీటికి తెలిసినదే. మట్టికుండ వెలుపలి చెమ్మ ఆవిరియగునప్పుడు లోపలి వేడిని గొనిపోవును. అందుచే నీరు చల్లబడును. మంచుయంత్రమున అమ్మోనియా వంటి వాయువును అదిమి, వేడి తొలగించి, ద్రవముగా మార్తురు. ఆ ద్రవము మరల ఆవిరియగునప్పుడు చుట్టునున్న వేడిని పీల్చుకొనును. అట్లు మిక్కిలి చల్లబడిన ఉప్పునీటిని నేల క్రింద పఱచిన గొట్టములలో ప్రవహింపజేయుదురు. ఉప్పునీరు కాబట్టి అది గొట్టములలో గడ్డకట్టదు. నేలపై నీటిని పలుచని పొరలుగా చల్లుచు పోగా, మూడు నాలుగు సెంటీమీటర్ల మందమున మంచు ఏర్పడును. నడుమ నొక పొరకు తెల్లరంగు వేసి, ఎఱుపు నీలి గీతలు గీసి, మీద మరల నీరు చల్లుదురు.

ఇంకొక చిక్కు మిగిలెను. ఉక్కుకత్తులు గీఱుటచే మంచు కొంతసేపటికే గరుకెక్కును. పూర్వము పలువురు కూలీలు దానిని గీకి, కడిగి, నీరు పోసి చదును చేయుటకు గంటకు పైగా పట్టుచుండెను. దీనికి విరుగుడు కనిపెట్టినవాడు వెచ్చని కాలిఫోర్నియా వాసి, ఫ్రాంక్ జాంబోనీ. అతడు తన సోదరునితో కలిసి మంచుదిమ్మలు అమ్ముకొని బ్రతికెడివాడు. ఇండ్లలో విద్యుత్తుతో పనిచేయు శీతలయంత్రములు వచ్చుటతో ఆ వ్యాపారము క్షీణించెను. అతడు నిరాశ చెందక, తన కెఱిగిన విద్యతోనే 1940లో మంచుబరిని కట్టెను. 1949లో మంచును గీకి, కడిగి, నీరు పఱచి చదునుచేయు బండిని నిర్మించెను. గంటపని కొన్ని నిమిషములలో ముగియసాగెను. ఆ బండి నేటికిని అతని పేరనే పిలువబడుచున్నది.

ఈ సౌకర్యముల వెంట ఆటయు దేశములు తిరుగసాగెను. 1908లో ఫ్రాన్సు, బ్రిటను, స్విట్జర్లాండు, బెల్జియము మొదలగు దేశములు పారిసునగరమున అంతర్జాతీయ సమాఖ్యను స్థాపించెను. 1920లో ఆంట్‌వెర్పు నగరపు ఒలింపిక్ క్రీడలలో మంచు హాకీకి తొలిసారి చోటు దొరకెను. 1924 నుండి అది శీతకాలపు ఒలింపిక్ క్రీడలలో చేరెను. సోవియట్టు యూనియను 1956లో తొలిసారి పాల్గొనినప్పుడే స్వర్ణపతకము గెలుచుకొనెను. స్త్రీలకు మాత్రము ఆ వేదిక 1998లో జపానునందలి నగానో నగరమున గాని లభింపలేదు. నేడు అంతర్జాతీయ సమాఖ్యలో 80కి పైగా సభ్యదేశములు కలవు.

అమెరికా ఖండమందలి జాతీయ హాకీ లీగు 1917లో మాంట్రియాలునందు స్థాపింపబడెను. 1967కు ముందు ఇరువదియైదేండ్లు అందు ఆఱు జట్లే యుండెను. ఆ సంవత్సరము అవి పండ్రెండాయెను, నేడు 32. 1988లో వేన్ గ్రెట్స్కీ అను మేటి ఆటగాడు కెనడా నుండి లాస్ ఏంజిలిసు జట్టునకు మారగా, వెచ్చని సీమలలో ఆటపై మోజు హెచ్చెను. స్టాన్లీ కప్పును 2020, 2021 సంవత్సరములలో ఫ్లోరిడా రాష్ట్రపు టాంపా జట్టును, 2023లో ఎడారినగరమైన లాస్ వేగాసు జట్టును, 2024, 2025 సంవత్సరములలో ఫ్లోరిడా పాంథర్సు జట్టును గెలిచెను. ఆట పుట్టిన కెనడాకు చెందిన జట్టు 1993 తరువాత 2025 వఱకు ఒక్కసారియు దానిని గెలువలేదు. ఆ వెచ్చని ఊళ్ళ జట్లలో కెనడా ఆటగాండ్రు పెక్కురు కలరను మాటయు నిజమే. ఆగ్నేయాసియా క్రీడలలో 2017లో ఈ ఆటను తొలిసారి చేర్పగా, స్వర్ణపతకము గెలిచినది మంచు కురియని ఫిలిప్పీన్సు.

మన దేశము మాట యేమి? భారతదేశము 1989లో అంతర్జాతీయ సమాఖ్యలో చేరెను. మనకు సహజమైన మంచు లేకపోలేదు. సముద్రమట్టమునకు 3,500 మీటర్ల ఎత్తుననున్న లేహ్ నగరమున శీతకాలమున చెఱువులు గడ్డకట్టును. అచ్చట సైనికులును, ప్రజలును ఆటను పెంచిరి. అయితే ఆ మంచు నిలుచునది సుమారు రెండు మాసములు. అంత స్వల్పకాలములో చెఱువుపై ఆడు వంతు బాలురకు ముందు దొరకుచుండగా, బాలికలు ఎరవు తెచ్చుకొన్న స్కేట్లతో, మిగిలిన వేళలలో అభ్యసించిరి.

ఆ బాలికల పట్టుదల వ్యర్థము కాలేదు. 2016లో భారత మహిళల జట్టు తొలిసారి అంతర్జాతీయ పోటీకై తైపే నగరమునకు పోయెను. ప్రయాణవ్యయమునకు ప్రజలనుండి చందాలు కోరవలసివచ్చెను. అక్కడ ఒక్క ఆటయు గెలువలేదు. మరుసటి యేడు బ్యాంకాకు నగరమున ఫిలిప్పీన్సు జట్టును 4–3 గోలులతో ఓడించి తొలివిజయము నందిరి. కెనడా దేశపు సుప్రసిద్ధ క్రీడాకారిణి హేలీ వికెన్‌హైజరు 2018లో లడఖునకు వచ్చి వారికి శిక్షణ నిచ్చెను. 2025లో ఐక్య అరబ్బు ఎమిరేట్సునందలి అల్ ఐన్ నగరమున జరిగిన ఆసియా కప్పు పోటీలలో మన మహిళలు కాంస్యపతకము గెలిచిరి. హిమాలయముల బాలికలు పతకమును గెలిచినది ఎడారి నగరమున!

విద్యార్థులారా! ఇందలి విశేషమును గమనింపుడు. గడ్డకట్టిన చెఱువు గలవారికి ఆట రెండు మాసములు మాత్రమే. మంచుయంత్రము గలవారికి ఏడాది పొడవునను ఆట. ప్రకృతి యిచ్చినది కొంత. మానవులు సమకూర్చుకొన్నది కొంత. భూగోళము వేడెక్కుచుండుటచే చెఱువుల మంచు నానాటికి నమ్మరానిదగుచున్నది. కృత్రిమమైన మంచుబరికి విస్తారమగు ధనమును, విద్యుత్తును కావలెను. అది ప్రతి ఊరికిని సాధ్యము కాదు, అవసరమును కాదు. డెహ్రాడూనులో 2011లో కట్టిన మంచుబరి యేండ్ల తరబడి మూతపడియుండి, 2025లో గాని మరల తెఱవబడలేదు. కట్టుట యెంత ముఖ్యమో, నడుపుట అంత ముఖ్యము.

మన ఊళ్ళలో మంచుబరి లేకున్నను చెడుగుడు బరి గలదు. హాకీకి తగిన నేలయు గలదు. ఆ నేల ఆక్రమణల పాలు గాకుండ చూచుట, బాలురతో సమముగా బాలికలకును ఆడు వంతు నిచ్చుట, నేర్పువారిని సమకూర్చుట — ఇవి చలికిని ఎండకును సంబంధించిన పనులు కావు. లేహ్ చెఱువుపై తమ వంతునకై వేచియున్న బాలికలకు కొఱతపడినది మంచు మాత్రమే కాదు, అవకాశము. అది దొరకిన తొమ్మిదేండ్లలోపలనే వారు దేశమునకు పతకము తెచ్చిరి.

ప్రశ్నలు

1. మంచు హాకీకిని, నేలపై ఆడు హాకీకిని గల భేదము లెవ్వి?
2. ఆహారమును నిలువచేయు విద్యకును, మంచు హాకీ వ్యాప్తికిని గల సంబంధమును వివరింపుడు.
3. ఫ్రాంక్ జాంబోనీ వ్యాపారము క్షీణించినప్పుడు ఏమి చేసెను?
4. లడఖు బాలికలు ఎదుర్కొన్న కష్టము లెట్టివి? వారు వానిని ఎట్లు దాటిరి?
5. మీ ఊరి ఆటస్థలము ఎట్లున్నది? దానిని బాగుచేయుటకు మీరేమి చేయగలరో పది వాక్యములలో వ్రాయుడు.