గంగా డాల్ఫిను

మన ప్రాంతపు పాలారు ఏడాదిలో అధికభాగము ఇసుకమేటయే. జోలార్పేటలో రైలెక్కి ఉత్తరమునకు పోయినచో, నిండుగా పారు గంగను చూడవచ్చును. అందు డాల్ఫిను అను ప్రాణి కలదు. అది చేప కాదు; పిల్లలకు పాలిచ్చు జంతువు. ఊపిరికొఱకు నీటిపైకి రాక తప్పదు.

దానికి చూపు లేనట్లే. బురదనీటిలో సన్నని ధ్వనులను వెలువరించి, వాని ప్రతిధ్వనులచే దారిని, ఆహారమును కనుగొనును. చెవులే దాని కన్నులు.

దానిని ఫోటో తీయగోరువారును, దానితో ఈదగోరువారును కలరు. అది పైకి వచ్చునది క్షణకాలమే. కావున ఫోటోకు ఓర్పు వలయును. మోటారు పడవతో తరిమినచో, ఆ మ్రోతలో అది తడబడును. ఈదుట మఱింత తగదు. బ్రెజిలులో చేపలను ఎరజూపి, అమెజాను డాల్ఫినులతో పర్యాటకులను ఈదనిచ్చిరి. అవి మనుష్యులను కఱచుటయు, తమలో తాము పోరుటయు మొదలాయెను.

బీహారులో సుల్తాన్‌గంజ్, కహల్‌గావ్‌ల నడుమ 1991లో వీనికి విక్రమశిల రక్షితప్రాంతము ఏర్పడెను. 2009లో ప్రభుత్వము దీనిని జాతీయ జలచరముగా ప్రకటించెను. 2025లో వెలువడిన గణన ప్రకారము దేశమందలి నదీ డాల్ఫినులు 6,327 మాత్రమే.

ఒడ్డుననో, ఇంజను ఆపిన పడవలోనో నిలిచి చూచుటయే మర్యాద. నీరు తరిగిన నదిలో ఏమి మిగులునో, పాలారును చూచిన మనకు వేఱుగ చెప్పవలెనా?