పరుగు పందెములో వడి, త్వరణము

కడప నుండి ఒంటిమిట్టకు సుమారు 25 కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సు 40 నిమిషములలో చేరినదనుకొందము. దాని సగటు వడి గంటకు 37.5 కిలోమీటర్లు. భాకరాపేటలో ప్రయాణికుల కొరకు నిలిచినప్పుడు దాని వడి సున్న; ఖాళీ రోడ్డుపై అరువది కూడ కావచ్చును. సగటు ఈ రెంటిలో దేనిని చెప్పదు. బస్సు విషయమున ఇది అందరెరిగినదే. పరుగు పందెము దగ్గరకు వచ్చుసరికి మాత్రము మన విద్యార్థులు దీనిని మరచుచున్నారు.

2023లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీలలో విశాఖపట్నమునకు చెందిన జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్ పరుగును 13.09 సెకన్లలో ముగించి స్వర్ణపతకము గెలుచుకొన్నారు. 100ను 13.09చే భాగించినచో సగటు వడి సెకనుకు 7.64 మీటర్లు, దానిని 3.6చే గుణించినచో గంటకు 27.5 కిలోమీటర్లు. మరి ఆమె త్వరణమెంత? ఈ ప్రశ్నకు జవాబు వ్రాయుటకు చాలమంది వెంటనే కలము తీయుదురు. నిశ్చలస్థితి నుండి బయలుదేరిన వస్తువు పోవు దూరము, త్వరణమును కాలవర్గముచే గుణించి సగము చేసినంత అను సూత్రము వారికి కంఠస్థము. త్వరణము మారనప్పుడే ఆ సూత్రము చెల్లునను షరతు మాత్రము పుస్తకములోనే ఉండిపోవును.

షరతు తప్పిన ఫలితమేమో చూతము. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకన్లలో పరుగెత్తెను. తుపాకి మ్రోగిన 0.146 సెకనుకు గాని ఆయన కదలలేదు. కావున పరుగెత్తిన కాలము 9.434 సెకన్లు. సూత్రము ప్రకారము త్వరణము సెకను వర్గమునకు 2.25 మీటర్లు, గీత దాటునప్పటి వేగము సెకనుకు 21.2 మీటర్లు, అనగా గంటకు 76 కిలోమీటర్లు! మన బస్సును వెనుక వేసి పోవు మనిషి ఇంకను పుట్టలేదు.

ఆ పరుగును ఇరువది మీటర్ల చొప్పున కొలిచిన కాలములు ప్రకటింపబడినవి: 2.89, 4.64, 6.31, 7.92, 9.58. ఒకదాని నుండి ఒకటి తీసివేసినచో రెండవ భాగమునకు 1.75, మూడవదానికి 1.67, నాల్గవదానికి 1.61, అయిదవదానికి 1.66 సెకన్లు పట్టినవి. వడులు వరుసగా 11.43, 11.98, 12.42, 12.05. మొదటి భాగమున, కదలని కాలమును తీసివేసిన పిమ్మట, 7.29. ప్రతి భాగపు సగటును ఆ భాగపు నడిమి క్షణపు వడిగా గ్రహించి లెక్కించినచో, తొలి 1.37 సెకన్లలో త్వరణము సుమారు 5.3, తరువాత 1.84, ఆపైన 0.32, 0.27, కడపట 0.23 ఋణ త్వరణము. తొలి అడుగులలోని ఆ 5.3, ఒంటిమిట్ట కోదండరామాలయము చెంత ఇమాంబేగు పేరనున్న బావిలో రాయి జారిపడినచో దానికి కలుగు 9.8లో సగమునకు పైచిలుకు. (రాయి వేసి చూడుమని మేము చెప్పుట లేదు.) ప్రపంచములో అతివేగముగ పరుగెత్తినవాడు సైతము చివరి ఇరువది మీటర్లలో నెమ్మదించెను. ఉర్దూ మాధ్యమ సోదరులు రఫ్తార్ వేరు, ఇస్రా వేరు అని చదివినది ఇదియే.

ఈ భేదము పరీక్షకు మాత్రమే సంబంధించినది కాదు. స్థలము చాలనిచోట 50 మీటర్లు పరుగెత్తించి జట్టును ఎంచుట మనవైపు పరిపాటి. దానివలన త్వరగా కదలువాడు ఎన్నికగును; 60 మీటర్ల పిమ్మట పుంజుకొనువాడు ఇంటికి పోవును. బెర్లిన్‌లో బోల్ట్ కంటె ముందు కదిలినవారు ఉండిరి.

అందుచేత క్రీడాదినమునాడు 20, 40, 60, 80, 100 మీటర్ల వద్ద ఒక్కొక్క విద్యార్థిని స్టాప్‌వాచితో నిలుపవలెనని కాలేజీ కమిటీవారిని కోరుచున్నాము. వారు క్లాపరు చప్పుడు విని వాచి నొక్కరాదు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును గనుక, నూరు మీటర్ల దూరమున ఉన్నవానికి 0.29 సెకను ఆలస్యముగ వినబడును. ఇరువది మీటర్ల వానికి 0.06 సెకను మాత్రమే. క్లాపరు పలకలు కలియుట కంటితో చూచి నొక్కవలెను. అయినను చేతి తొందర వలన 0.1 సెకను తేడా రావచ్చును. కావున ఒక్కొక్కరిని మూడుసార్లు, నడుమ విశ్రాంతినిచ్చి, పరుగెత్తించి సగటు తీయుట మేలు.