ఒకరి ఫోనే ఎందుకు ఆగిపోతుంది?

జంషెడ్‌పూర్‌లోని కద్మాలో ఒక తెలుగువారింట్లో రెండు ఐఫోన్లు ఉన్నాయనుకుందాం. ఒకే సందేశం రెండింటికీ వచ్చింది. ఒకదానిలో యాప్ ఆగిపోయింది, రెండోదానిలో మామూలుగానే తెరుచుకుంది. ఎందుకు?

2018 ఫిబ్రవరిలో నిజంగానే ఇలా జరిగింది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక సంకేతం, చివర దీర్ఘం: ఈ 5 సంకేతాల వరుసను తెరపై చూపబోయి ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయి. ఆ వరుస రానివారికి ఏ ఇబ్బందీ లేదు. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది.

కాబట్టి ప్రోగ్రాం కొందరికే ఆగిపోతుంటే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. వెర్షన్ ఒకటేనా? తెరిచిన సమాచారం ఒకటేనా? ఒక్కసారికి ఒక్క తేడానే మార్చి చూడండి. ఏది మారిస్తే లోపం పోయిందో, కారణాన్ని అక్కడే వెతకాలి.