రెండు రోజుల్లో టొరంటో

టొరంటో కెనడాలోకెల్లా పెద్ద నగరం. అంటారియో సరస్సు ఒడ్డున ఉంది.

కెనడాలో ఉన్న కొడుకు, కోడలి దగ్గరికి ఒక తల్లి వెళ్లింది. ముగ్గురూ టొరంటో చూడాలనుకున్నారు. ఆది, సోమవారాలే సెలవు.

కోడలు పెద్ద జాబితా రాసింది.

"ఇన్ని తిరగడం నా వల్ల కాదమ్మా. ఏది ఎక్కడుందో పటంలో చూడు" అంది అత్త.

సెయింట్ లారెన్స్ మార్కెట్టుకు సోమవారం సెలవు. అందుకే ఆదివారం అక్కడికి. అక్కణ్ణుంచి 553 మీటర్ల ఎత్తున్న సి.ఎన్. టవర్‌కు. సోమవారం పడవలో దీవులకు.

నయాగరా జలపాతం చూడాలని అత్తకు ఆశ. కాని అది దాదాపు 130 కిలోమీటర్ల దూరం. "ఇంకోసారి చూద్దాంలే" అంది.

దిగబోయే హోటలు చిరునామా అత్త తెలుగులో రాసుకుంది. దారి తప్పితే చదివి చెప్పొచ్చు.

చెప్పండి: మార్కెట్టుకు ఆదివారమే ఎందుకు వెళ్లాలి?