మందు పడిన తొట్టె



చేపలకు తెల్లమచ్చ జబ్బు తగ్గిందనీ, ఖాళీ అయిన ఆ తొట్టెలో ఎర్ర చెర్రీ రొయ్యలు పెంచాలనుందనీ రాశావు. ఎన్నిసార్లు కడగాలని అడిగావు. అంతకంటే ముందు అడగాల్సింది, అందులో ఏ మందు పడిందని. మిథిలీన్ బ్లూ, మాలకైట్ గ్రీన్ లాంటి రంగు మందులను యాక్టివేటెడ్ కార్బన్ చాలావరకు పట్టేస్తుంది. సిలికాన్ అతుకుల మీద మిగిలే నీలి మరక కంటికి బాగోదు గానీ హాని చేయదు. ఉప్పయితే నీళ్లు మారిస్తే పోతుంది. నువ్వు వేసింది మైలుతుత్తం కలిసిన మందు, అంటే రాగి. లోహం కాబట్టి అది కాలంతో విరిగిపోదు, ఆవిరి కాదు. దాన్ని తొట్టెలోంచి బయటికి తీయాల్సిందే.

నీళ్లు మారిస్తే చాలదా అంటావు. లెక్క చూస్తే చాలుననే అనిపిస్తుంది. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల రాగి ఉన్న తొట్టెలో సగం నీళ్ల చొప్పున 5 సార్లు మారిస్తే మిగిలేది 32లో 1 వంతు, సుమారు 0.006 మిల్లీగ్రాములు. కానీ ఈ లెక్కలోకి వచ్చింది నీళ్లలో కరిగి ఉన్న రాగి మాత్రమే. తోటల్లో కొట్టే బోర్డో మిశ్రమాన్ని గుర్తుచేసుకో. మైలుతుత్తం సున్నంతో కలిసి ఆకును అంటుకుంటే వాన పడినా ఓ పట్టాన వదలదు. తొట్టెలో గవ్వలూ పగడపు ముక్కలూ సున్నపురాయీ అదే పని చేస్తాయి. ఇసుకలోనూ ఫిల్టర్ స్పాంజిలోనూ కొంత రాగి దాక్కుంటుంది. తర్వాతెప్పుడో నీళ్ల పీహెచ్ తగ్గితే, పేరుకున్నది మళ్లీ కరిగి బయటికొస్తుంది. అద్దంలా మెరిసే నీళ్లు కూడా ఆ సంగతి చెప్పవు.

అదే మందులో చేపలు రోజుల తరబడి బతికాయి కదా, రొయ్యలకేం అవుతుందని నీకు తోచవచ్చు. ఆ మోతాదును ఎంచుకున్నదే చేప తట్టుకునేలా, దాన్ని పట్టిన పరాన్నజీవి చచ్చేలా. రొయ్యకు, నత్తకు చేపకున్న ఓర్పు లేదు. చెరువుల్లో నత్తలను చంపడానికి వాడేదీ మైలుతుత్తమే. రొయ్య రక్తంలోనే రాగి ఉంటుందిగా అంటే, నిజమే, ఆక్సిజన్‌ను మోయడానికి దానికి రాగి కావాలి. ఆ కాస్తా తిండిలో దొరుకుతుంది. నీళ్లలో ఎక్కువైతే మొప్పలు దెబ్బతింటాయి. అదే తొట్టెలో మళ్లీ చేపలే వేస్తానంటే నేనింత పట్టుబట్టను.

సబ్బుతో తోమకు, దాని జిడ్డు మరో విషమవుతుంది. బ్లీచింగ్ క్రిములను చంపుతుంది గానీ రాగిని కదపలేదు. పాత గులకరాళ్లు, ఇసుక, స్పాంజి, కార్బన్ తీసి పారెయ్. అద్దాలనూ అతుకులనూ తెల్ల వెనిగర్‌తో గానీ నిమ్మ ఉప్పు నీళ్లతో గానీ రుద్ది, కాసేపు నాననిచ్చి, బాగా కడుగు. పేరుకున్న రాగిని కరిగించేది ఆ పులుపే. వెనిగర్‌ను బ్లీచింగ్‌తో మాత్రం ఎన్నడూ కలపకు, ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆ కడుగు నీళ్లు చెరువులోకో కాలువలోకో పోకుండా చూడు. తర్వాత కొత్త నీళ్లు నింపి వారం ఉంచి, రాగి టెస్ట్ కిట్‌తో ఆ నీళ్లనూ కుళాయి నీళ్లనూ పక్కపక్కన పరీక్షించు. రాగి కనిపిస్తే, దాన్ని పట్టే రెజిన్‌ను ఫిల్టర్‌లో పెట్టి మళ్లీ వారం ఆగు. చవక కిట్లు అతి తక్కువ రాగిని పసిగట్టలేవు. అందుకే సున్నా చూపించినా ముందు రెండు మూడు రొయ్యలనే వదిలి కొన్నాళ్లు గమనించు.

స్పాంజి పారేస్తే మేలుచేసే బ్యాక్టీరియా పోతుందన్న నీ బాధ న్యాయమైనదే. మందు తగలని తొట్టెలోని స్పాంజి ముక్క తెచ్చిపెడితే ఆ బ్యాక్టీరియా తిరిగి పెరుగుతుంది. అమ్మోనియా, నైట్రైట్ సున్నా అయ్యేదాకా వారాలు పట్టినా ఓపిక పట్టు. పోయిన బ్యాక్టీరియాను తిరిగి పెంచుకోవచ్చు, రాగికి చచ్చిన రొయ్యను బతికించుకోలేం.

చివరగా ఓ చిన్న పని. తొట్టె అడుగున మందు పేరు, వేసిన తేదీ రాసి అంటించు. రేపు దాన్ని నువ్వు ఇంకెవరికిచ్చినా, ముందు అడగాల్సిన ప్రశ్నకు జవాబు వాళ్ల చేతిలోనే ఉంటుంది.

ఇట్లు,
నీ మామయ్య