మా కుక్క మొరగదేం డాక్టర్ గారూ?

ఇంటికి కొత్తగా తెచ్చుకున్న కుక్క మొరగడం లేదంటూ ఈమధ్య ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో కొన్నింటికి పశువైద్యుడి సమాధానాలివి.

ప్రశ్న: పది రోజుల క్రితం జంతు సంరక్షణ కేంద్రం నుంచి రెండేళ్ల ఆడ వీధికుక్కను తెచ్చుకున్నాం. అన్నం తింటోంది, బయటికి తీసుకెళ్తే వస్తోంది. కానీ ఒక్కసారి కూడా మొరగలేదు. కాలింగ్ బెల్ మోగితే చాలు, మంచం కిందకు దూరిపోతోంది. మూగదేమోనని పిల్లలు బెంగపడుతున్నారు.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం: మూగదయ్యే అవకాశం చాలా తక్కువ. మంచం కిందకు దూరుతోందన్నారు కదా, కారణం అక్కడే ఉంది. అది బెదిరిపోయి ఉంది. వీధిలో పెరిగిన కుక్క తన వీధిలో, తన గుంపుతో ఉన్నప్పుడు ఎవరొచ్చినా మీదకు వెళ్తుంది. అదే కుక్క ఒంటరిగా పక్క వీధి దాటాల్సి వస్తే తోక ముడిచి, చప్పుడు చేయకుండా గోడవారగా వెళ్లిపోతుంది. మీ ఇల్లు దానికి ఇంకా పక్క వీధే. పైగా పట్టుకోవడం, బండిలో తరలించడం, బోను, చుట్టూ రాత్రింబవళ్లు మిగతా కుక్కల అరుపులు, ఇవన్నీ దాటి మీ దగ్గరికి వచ్చింది. చెవి కొస కత్తిరించి ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయిందని గుర్తు.

దత్తత ఇచ్చేవాళ్లు ఒక లెక్క చెబుతుంటారు: మొదటి 3 రోజులు బెదురు, 3 వారాలకు ఇంటి పద్ధతి అర్థమవుతుంది, 3 నెలలకు ఇల్లు తనదనుకుంటుంది. అన్ని కుక్కలకూ ఇది అచ్చంగా సరిపోదు గానీ, పది రోజులకే ఏదీ తేల్చలేమని మాత్రం తెలుస్తుంది.

ఈలోగా మొరుగుడు సంగతి వదిలేసి మిగతావి గమనించండి. తోక కాళ్ల సందులోంచి బయటికి వచ్చిందా? మీ ఎదుట తింటోందా, అందరూ పడుకున్నాకే గిన్నె ముట్టుకుంటోందా? నిద్ర రాకపోయినా ఆవలించడం, ఊరికే మూతి నాక్కోవడం, చెవులు వెనక్కి వాల్చేయడం బెదురు గుర్తులు. ఇవి తగ్గుతున్నాయంటే అది కుదుటపడుతున్నట్టే.

ఎవరూ అటూ ఇటూ తిరగని మూల చూసి పాత దుప్పటి పరవండి. అక్కడ పడుకున్నప్పుడు కదపొద్దని పిల్లలకు చెప్పండి. తిండి, షికారు రోజూ ఒకే వేళకు ఉండాలి. చుట్టాలను పిలిచి చూపించడం కొన్నాళ్లు ఆపండి. మొరుగుతుందేమో చూద్దామని మాటిమాటికీ బెల్ కొట్టి చూడకండి. తీరా మొదటిసారి మొరిగినప్పుడు ‘నోర్ముయ్’ అని కసరకండి. నెమ్మదిగా పేరు పెట్టి పిలిస్తే చాలు.

ప్రశ్న: మా బావి కాడ కావలికని దోస్తు ఇంటి నుంచి కుక్కను తెచ్చినం. మనుషులొస్తే ఊకె చూస్తది గని మొరుగుతలేదు. కట్టేసి, రెండు రోజులు పస్తుంచి, కట్టెతోని బెదిరిస్తే మొరుగుడు నేర్సుకుంటదని మా పెద్దనాయిన అంటుండు. నిజమేనా?
– ఒక రైతు, జగిత్యాల జిల్లా

సమాధానం: ఈ ఒక్క విషయంలో పెద్దనాయన మాట వినకండి. ఆకలి, దెబ్బలు కాపలా నేర్పవు, మనుషులంటే భయం నేర్పుతాయి. భయపడ్డ కుక్కకు దొంగ, సద్ది తెచ్చిన మీ పిల్లాడు ఒక్కటే. ‘మొరిగే కుక్క కరవదు’ అన్న సామెతను కూడా పూర్తిగా నమ్మొద్దు. మొరిగేదీ కరుస్తుంది, మొరగనిదీ కరుస్తుంది. గుర్రుమన్న ప్రతిసారీ కొడితే గుర్రుమనడం మానుకుంటుంది గానీ కరవడం మానదు. ముందస్తు హెచ్చరిక లేకుండా నోరు వేసే కుక్కలు కొన్ని అలా తయారైనవే.

కుక్క తనదనుకున్న చోటునే కాస్తుంది. పొద్దునా సాయంత్రం గట్ల వెంట తిప్పండి. తిండి అక్కడే పెట్టండి. నీడ, నీళ్లు ఉండాలి. ఏడాదిలోపు పిల్లయితే ఇంకా ఓపిక పట్టండి, చోటు కాచుకునే బుద్ధి ఈడొచ్చాకే బలపడుతుంది. అప్పటికీ మొరగకపోతే దాని స్వభావం అంతే. అది లేచి నిలబడి ఒకవైపే చూస్తోందంటే మీరూ అటు చూడండి. ఆ మాత్రం కాపలా అది ఇప్పటికే కాస్తోంది.

ప్రశ్న: కొల్లేరు దగ్గరి బంధువులు జోనంగి కుక్కను ఇచ్చారు. మొరగకుండా ఏదో రాగం తీస్తోంది. గొంతులో లోపమా?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: లోపం కాదు, జాతి లక్షణం. కొల్లేరు చుట్టుపక్కల, ఉభయ గోదావరి, కృష్ణా ప్రాంతాల్లో కనిపించే ఈ పొట్టి వెంట్రుకల కుక్క మామూలు కుక్కల్లా భౌభౌమనడం తక్కువ. సాగదీసి కూస్తుంది. వేటకూ, బాతుల మందలు కాయడానికీ దీన్ని పెంచేవారు. మధ్య ఆఫ్రికాకు చెందిన బసెంజీ జాతి కూడా ఇలాంటిదే. దాని స్వరపేటిక నిర్మాణమే వేరుగా ఉంటుంది కాబట్టి మొరుగుడుకు బదులు రాగంలాంటి కూత వస్తుంది. మీ జోనంగి హుషారుగా తిరుగుతూ, తేలిగ్గా ఊపిరి తీస్తుంటే వైద్యం అక్కర్లేదు. పెరట్లో గోతులు తవ్వినా కంగారు పడకండి, అదీ ఈ జాతి అలవాటే.

ప్రశ్న: తెల్లటి రాజపాళయం పిల్లను తెచ్చుకున్నాం. మొరగదు, పిలిచినా తిరిగి చూడదు. చెవుడా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: కావచ్చు. మొరగకపోవడం చెవుడుకు రుజువు కాదు, చెవిటి కుక్కలు కొన్ని గట్టిగానే మొరుగుతాయి. పిలిస్తే చూడకపోవడమే అనుమానించాల్సిన విషయం. రాజపాళయం, డాల్మేషియన్ వంటి తెలుపు ఎక్కువున్న జాతుల్లో పుట్టు చెవుడు కనిపిస్తుంటుంది. ఒంటికి రంగునిచ్చే కణాలు లోపలి చెవికీ అవసరం, అవి అక్కడ లేకపోతే వినికిడి పోతుంది. పిల్ల నిద్రలో ఉండగా వెనక నుంచి, నేల అదరకుండా, గాలి తగలకుండా తాళాల గుత్తి ఆడించి చూడండి. ఒక్క చెవి పనిచేస్తున్నా ఉలిక్కిపడుతుంది కాబట్టి, కచ్చితంగా తేలాలంటే శబ్దానికి మెదడు స్పందనను నమోదు చేసే ‘బేర్’ పరీక్ష చేయించాలి. చెవుడని తేలితే చేతి సైగలు నేర్పండి. రోడ్డు మీద గొలుసు విప్పకండి.

ప్రశ్న: పొరుగువారు విదేశం వెళ్తూ తమ పదేళ్ల లాబ్రడార్‌ను మాకు ఇచ్చారు. గట్టిగా మొరిగేదట. ఇప్పుడు నోరు తెరిస్తే గాలే వస్తోంది. నాలుగు మెట్లెక్కితే రొప్పుతోంది. పాత యజమానుల మీద బెంగేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: బెంగ ఉంటే ఉండొచ్చు, కానీ బెంగతో గొంతు బొంగురుపోదు. కొత్త చోట మొరగని కుక్క కోసం వారాలు ఆగొచ్చు. ఉన్న గొంతు మారితే ఆగకూడదు. వయసు మళ్లిన లాబ్రడార్లలో స్వరపేటికను తెరిచే కండరాల నరాలు బలహీనపడి, ఊపిరి పీల్చినప్పుడు ఆ దారి సరిగా తెరుచుకోదు. మొదట మొరుగుడు మారుతుంది, తర్వాత శ్వాసలో గరగర, ఆయాసం మొదలవుతాయి. కుక్క ఒంటి వేడి తగ్గేది ముఖ్యంగా రొప్పడం ద్వారానే కాబట్టి, మీ విశాఖ ఉక్కపోత దీనికి ప్రమాదం.

ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. కొద్దిగా మత్తిచ్చి గొంతు లోపల చూస్తే తెలిసిపోతుంది. థైరాయిడ్ పరీక్ష కూడా అడగండి. ముదిరితే ఆపరేషన్ ఉంది. అంతవరకు మెడ పట్టీ తీసేసి ఛాతీకి వేసే బెల్టు వాడండి. ఎండెక్కకముందే షికారు ముగించండి. బరువెక్కువుంటే తగ్గించండి. నాలుక నీలంగా మారినా, కూలబడినా ఒళ్లు నీళ్లతో తడిపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సంరక్షణ కేంద్రాల నుంచి వచ్చిన చిన్న కుక్కల్లో గొంతు బొంగురుకు ఎక్కువగా కారణమయ్యేది అంటుదగ్గు. పొడి దగ్గు కూడా ఉంటే మిగతా కుక్కలకు దూరంగా ఉంచి చూపించండి.

ప్రశ్న: రోడ్డు మీద దొరికిన కుక్కపిల్లను తెచ్చుకున్నాం. కుక్క గొంతు మారితే పిచ్చెక్కినట్టేనని మా అత్తగారు భయపెడుతున్నారు. ఎంతవరకు నిజం?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: గొంతు మారిన ప్రతి కుక్కకూ రేబిస్ ఉండదు. కానీ అత్తగారి మాట కొట్టిపారేయదగ్గది కాదు. రేబిస్‌లో గొంతు కండరాలు చచ్చుబడి మొరుగుడు వింతగా మారుతుంది, లేదా ఆగిపోతుంది. దాంతోపాటు చొంగ కారడం, కింది దవడ వేలాడటం, మింగలేకపోవడం, నడక తూలడం, చీకటి మూలల్లో నక్కడం లేదా కనిపించినదల్లా కరవబోవడం ఉంటాయి. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చెయ్యి పెట్టేవారున్నారు. ఆ పని చేయొద్దు. గదిలో ఉంచి తలుపు వేసి డాక్టరును పిలవండి. కరిచినా, గీరినా, పుండు మీద నాకినా సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. పసుపు, కారం, సున్నం పూయొద్దు. వ్యాక్సిన్ డోసులన్నీ పూర్తి చేయండి. చర్మం చీలి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి.

వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి వారాల నుంచి నెలలు పడుతుంది కాబట్టి, హుషారుగా ఉందని నిశ్చింతగా ఉండొద్దు. మీ పిల్లను ముందొకసారి డాక్టరుకు చూపించండి. 3 నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించి, బూస్టర్ తేదీ కార్డు మీద రాయించుకోండి. తర్వాత ఏటా మరచిపోకండి.